ఉత్తరానికో దొంగ

జూన్ 4

కామా,

నువ్వు రైలెక్కి పదకొండు రోజులైంది. మీ పిన్ని రోజూ పొద్దున్నే గుమ్మంలో నీ చెప్పులున్నాయేమోనని చూసుకుని, లేవని నన్ను తిడుతోంది. చెప్పులు నువ్వు తొడుక్కుని వెళ్తే నా తప్పేమిటో నాకు తెలియదు. ముప్ఫై నాలుగేళ్లుగా ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతున్నవాణ్ణి కదా, ఎవరి తప్పయినా చివరికి నా నెత్తికే చుట్టుకుంటుంది. అలవాటైపోయింది.

ఫోన్ చెయ్యమన్నావు. చెయ్యను. నువ్వు హాస్టల్ వరండాలో వరసలో నిలబడి, నేనిక్కడ రిసీవర్ పట్టుకుని 'ఆ, ఊ, బాగున్నావా, బాగున్నాం' అనుకోవడం నాకు ఇష్టం లేదు. పైగా నీతో పనుంది. మన దొంగల ఆట మళ్లీ మొదలుపెడదాం. నీతోపాటు పుట్టిన చుక్క పోయాక ఈ ఆరేళ్లలో ఇద్దరం ఆ ఊసెత్తలేదు. ఇప్పుడు నువ్వు డాక్టర్లు చెప్పింది విని ఇంగ్లీషులో టైపు చేసే ఉద్యోగంలో చేరావు. చూపుకి ఒకేలా ఉండే మాటల్లో తేడా తెలియకపోతే అక్కడ రోగి ప్రాణం మీదికొస్తుంది. ఇక్కడైతే పోయేది కాయితమే.

నియమాలు మరిచిపోయి ఉంటావు. ఉత్తరానికో దొంగ, ఒక్కడే. నేను కొన్ని మాటలకి అర్థాలు రాస్తాను. అందులో ఒకటి కావాలని తప్పు రాస్తాను. నువ్వు పట్టుకుని తిరుగు టపాలో చెప్పాలి. నువ్వు రాసేటప్పుడు నువ్వూ ఒకణ్ణి దాచాలి. దొంగ మాటల్లోనే ఉండాలి, మనుషుల్లో ఉండకూడదు. మీకు పదేళ్లప్పుడు నువ్వు 'చుక్కకి ఒళ్లు కాలిపోతోంది' అని ప్రెస్సుకి చీటీ పంపితే, నేను ఒంటికాలి చెప్పుతో పరుగెత్తుకొచ్చాను. తీరా చూస్తే అది గోడెక్కి కూర్చుని ఉంది. 'మనుషుల మీద ఆడకూడదు' అని ఆ రోజు నియమం పెట్టింది చుక్కే.

ఇక పాఠం. లూస్ అంటే వదులు, లూజ్ అంటే పోగొట్టుకోవడం. బ్రెత్ అంటే ఊపిరి, బ్రీత్ అంటే ఊపిరి తీసుకోవడం. ఎమినెంట్ అంటే ముంచుకొస్తున్నది, ఇమ్మినెంట్ అంటే పేరు గడించినవాడు.

నా కవలల పుస్తకంలో ఇలాంటి మాటల జతలు నాలుగువందల పన్నెండయ్యాయి. అయిదొందలైతే అచ్చేస్తానన్నాడు యజమాని. మొదటి పేజీలో మీ ఇద్దరి పేర్లే. చుట్టాలంతా మిమ్మల్ని చూసి తికమకపడేవారు. కన్న తల్లి కూడా ఒకదానికి రెండుసార్లు తలంటి రెండోదాన్ని వదిలేసింది. నేను ఒక్కసారీ పొరబడలేదు. చెప్పేది సగంలో ఆపి మళ్లీ ఎత్తుకునేది కామా. ఒక్క మాటతో తేల్చేసేది చుక్క. పుట్టుమచ్చలు వెతుక్కోవాల్సిన పనేముంది?

వేళకి తిను. దొంగని పట్టు.

బాబాయి


జూన్ 15

బాబాయ్,

దొరికాడు! ముంచుకొచ్చేది ఇమ్మినెంట్, పేరున్నవాడు ఎమినెంట్. నువ్వు ఎమినెంట్, మా సూపర్‌వైజరమ్మ కోపం ఇమ్మినెంట్. సరిపోయిందా?

మా హాలుకి కిటికీల్లేవు. ఇరవై ఆరుగురం. చెవులకి హెడ్‌ఫోన్లు, కాలి కింద ఒక పెడల్. నొక్కితే డాక్టరు మాట్లాడతాడు, తీస్తే నోరు మూస్తాడు. మగవాణ్ణి కాలితో ఆపగలిగే ఉద్యోగం లోకంలో ఇదొక్కటేనంటుంది పక్క సీటు పిల్ల. రోజుకి నలభై ఫైళ్లు. మొదటి వారంలోనే తల కొట్టేసినంత పనయింది. ఇలియం అని రెండున్నాయి బాబాయ్, తేడా ఒక్క అక్షరం. ఒకటి తుంటి ఎముక, ఇంకొకటి పేగు. వినడానికి రెండూ ఒకటే. తుంటి విరిగిన ముసలాయనకి పేగు విరిగిందని టైపు చేశాను. సూపర్‌వైజరమ్మ ఆ కాయితాన్ని హాలంతా ఊరేగించింది.

నీ దగ్గర చదువుకున్న పిల్ల ఇలా చేసిందని ప్రెస్సులో చెప్పకు.

నా పాఠం: పాల్పిటేషన్ అంటే చేత్తో నొక్కి చూడడం, పాల్పేషన్ అంటే గుండెదడ. హైపర్ అంటే ఎక్కువ, హైపో అంటే తక్కువ. తేలికైనవాణ్ణే పెట్టాను, ఆరేళ్లయింది కదా.

ఒక్క మాట, పిన్నితో అనకు. హాస్టల్ గదిలో తలుపుకి నిలువుటద్దం ఉంది. పొద్దున లేవగానే అందులో చుక్క నిలబడి ఉంటుంది. మొదట్లో దుప్పటి కప్పేదాన్ని. ఇప్పుడు పలకరిస్తున్నాను. నాకు ఇరవై ఆరొచ్చాయి, దానికీ వచ్చినట్టే కనిపిస్తోంది. నా ముఖంలో దాన్ని చూసుకోవడమే తప్ప, అది వేరు నేను వేరు అని చెప్పగలిగేవాళ్లు ఇక్కడెవరూ లేరు. నువ్వున్నావులే అనుకుంటే ధైర్యంగా ఉంటుంది.

నీ కామా


జూలై 9

కామా,

నీ దొంగ నాకు దొరకలేదు. మూడు రోజులు వెతికాను. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని ప్రెస్సుకి కూడా తీసుకెళ్లాను. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇక నేనెంత? వాడెవడో నువ్వే చెప్పు.

కొత్త కళ్లజోడు వచ్చింది. దాంతో మెట్లు ఎక్కువ లోతుగా కనిపిస్తున్నాయి. మొన్న నడుచుకుంటూ ప్రెస్సు దాటిపోయి చివరి బస్టాపు దాకా వెళ్లాను. ముప్ఫై నాలుగేళ్లు ఒకే దారిలో నడిచి కాళ్లకి విసుగెత్తినట్టుంది. యజమాని పిలిచి, తలుపేసి, కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు. పిల్లికి బిచ్చం పెట్టని మనిషి కాఫీ ఇచ్చాడంటే ఏదో ఉన్నట్టే. ఏదో గైడులో నాలుగు పేజీల తప్పులు అలాగే అచ్చయిపోయాయట. నేను సంతకం పెట్టిన పేజీలేనట. సంతకం మాత్రం నాదే.

పాఠం. పర్సనల్ అంటే సొంతం, పర్సనెల్ అంటే సిబ్బంది. కంటిన్యువల్ అంటే ఆగకుండా, కంటిన్యువస్ అంటే ఆగి ఆగి. లూస్ అంటే పోగొట్టుకోవడం, లూజ్ అంటే వదులు.

మీ పిన్ని నిన్ను అడిగినట్టు రాయమంది. రాశాను.

బాబాయి


జూలై 20

బాబాయ్,

అమ్మ బాబాయ్! ఒకే ఉత్తరంలో ఇద్దరు దొంగలా? ఆగకుండా ఉండేది కంటిన్యువస్, ఆగి ఆగి వచ్చేది కంటిన్యువల్. వాడు మొదటివాడు. లూస్, లూజ్ తిరగేసి రెండోవాణ్ణి తోశావు. నియమం తప్పావు గానీ క్షమించేశాను. తాడి తన్నేవాడు ఒకడుంటే వాడి తల తన్నేవాడు ఇంకొకడుంటాడు, ఇద్దరినీ పట్టేశాను చూడు. పదికి తొమ్మిది మార్కులు వేశాను నీకు. ఒకటెందుకు తగ్గించానంటే, లూస్ పాఠం జూన్‌లోనే అయిపోయింది. పాతవాణ్ణే మళ్లీ పంపేటప్పుడు చొక్కా అయినా మార్చాలి.

నా దొంగ దొరకలేదంటే నన్ను నమ్మమంటావా? పాల్పిటేషన్ గుండెదడ అని నాకు ఎనిమిదో క్లాసులో చెప్పింది నువ్వే. చిన్నప్పుడు పరుగుపందెంలో చెప్పు తెగినట్టు నటించి మమ్మల్ని గెలిపించేవాడివి. ఇదీ ఆ బాపతే. వద్దు. నేను పెద్దదాన్నయ్యాను, ఓడినా ఏడవను.

కళ్లజోడు మళ్లీ చూపించుకో. యజమాని ఎప్పుడూ ఒకరి మీద పడేవాడేగా, పట్టించుకోకు.

నీ కామా


జూన్ 18

కామా,

నేను ప్రెస్సు మానేశాను. నేనే మానేశాను. పుస్తకం పూర్తి చెయ్యాలి. నాలుగువందల ఎన్నో అయ్యాయి, అంకె పుస్తకంలోనే రాసి ఉంది.

ఇంట్లో ఉంటే రోజు పెద్దదిగా ఉంది. నిన్న పొద్దున మీ పిన్నిని 'చూసేది ఇవ్వు' అని అడిగాను. ముక్కు మీద పెట్టుకునేది. దాని పేరు నోటిదాకా వచ్చి వెనక్కి పోయింది. ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. తరవాత స్నానాల గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

పాఠం. బ్రెత్ అంటే వెడల్పు. బ్రీత్ అంటే ఊపిరి. ఎమినెంట్ అంటే వలస వెళ్లినవాడు.

ఇందులో దొంగ ఎక్కడున్నాడో నాకే తెలియదు. నిజంగా తెలియదు తల్లీ. నువ్వు జాగ్రత్తగా వెతికి, దొరికిన వాళ్లందరినీ వరసగా రాసి పంపు. నాకు ఆ జాబితా కావాలి. పిన్నికి చెప్పకు.

బాబాయి


సెప్టెంబరు 1

బాబాయ్,

ఎలా కనిపెట్టావయ్యా ఇది! దాచినవాడికే తెలియని దొంగ! హాస్టల్లో చదివి వినిపిస్తే పిల్లలంతా పడిపడి నవ్వారు. 'మీ బాబాయిని మాకూ అద్దెకివ్వవే' అంది పక్క సీటు పిల్ల.

ఇదిగో నీ జాబితా. ఒకటి, తేదీ. కవరు మీద ముద్ర ఆగస్టు పంతొమ్మిది, నువ్వేసింది జూన్ పద్దెనిమిది. రెండు, వెడల్పుకి బ్రెత్ కాదు, డకారం ఉన్న బ్రెడ్త్. మూడు, బ్రీత్. ఊపిరి కాదు, ఊపిరి తీసుకోవడం. నాలుగు, వలస వెళ్లినవాడు ఎమిగ్రంట్. 'చూసేది' కూడా దొంగేనా, ఊరికే నవ్వించడానికా? దాన్ని కూడా లెక్కేశాను. మొత్తం అయిదుగురు. పదికి పది!

ప్రెస్సు మానేసి మంచి పని చేశావు. పుస్తకం అచ్చయితే మొదటి ప్రతి నాదే.

ఇక్కడ పోయిన వారం ఒక ఫైలొచ్చింది. ఎవరో బడిపంతులు. గడియారం గియ్యమంటే అంకెలన్నీ ఒక పక్కే గీశాడట. ఇది ఏ నెలంటే చెప్పలేకపోయాడట. ఇన్నాళ్లూ ఎందుకు తీసుకురాలేదని డాక్టరు అడిగితే, 'తమాషాకి అంటున్నారనుకున్నాం' అన్నారట ఇంట్లోవాళ్లు. పెడల్ మీంచి కాలు తీసేశాను. ఎలాంటి మనుషులుంటారో చూడు, కళ్లెదుట ఉన్న మనిషి కరిగిపోతుంటే కనిపించదా?

సెలవు దొరకలేదు. కొత్తవాళ్లకి ఏడాది దాకా ఇవ్వరట. ఉత్తరాలు మాత్రం మానకు.

నీ కామా


సెప్టెంబరు 27

చుక్కా,

బాగున్నావా తల్లీ? కళ్లలో పసుపు తగ్గిందా? డాక్టరు ఏమన్నాడు? పథ్యం తప్పకు.

కామా ఎక్కడికో వెళ్లింది. చెప్పి వెళ్లలేదు. ఉత్తరం కూడా రాయడం లేదు. అది మధ్యలో ఆగే మనిషి కదా, మళ్లీ ఎత్తుకుంటుందిలే. నువ్వైనా చెప్పు దానికి. నీ మాట వింటుంది.

లూస్. లూస్ అంటే. నువ్వు చెప్పు.

బాబాయి


అక్టోబరు 6

బాబాయ్,

నీ ఉత్తరం మధ్యాహ్నం భోజనాల వేళ విప్పాను. మొదటి మాట చదివి అన్నం వదిలేసి లేచిపోయాను. అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చించేశాను. ఇదే అయిదోది.

దొంగ మనుషుల్లో ఉండకూడదని జూన్‌లో రాసింది నువ్వే. ఆ నియమం పెట్టింది ఎవరో కూడా రాశావు. ఆ పిల్లనే తెచ్చి దొంగని చేశావా? కళ్లలో పసుపు తగ్గిందా అని అడుగుతావా? అది పోయే ముందు రోజు ఆస్పత్రి వరండాలో నువ్వు నర్సుని అడిగిన మాట అది. నేను పక్కనే ఉన్నాను. చేతి మీద వాతలా ఇంకా ఉంది నాకా మాట.

అద్దం సంగతి నీకొక్కడికే చెప్పాను. అది నీకు ఆటకి పనికొచ్చిందా? లోకంలో అందరూ నన్ను దానిలా పిలిచినా భరిస్తాను. నువ్వు పిలవకూడదు. తేడా చెప్పగలిగింది నువ్వొక్కడివే. నీ అయిదొందల జతలకోసం మా జతని కూడా వాడేసుకున్నావు.

ఇక ఆట వద్దు. ఉత్తరాలూ వద్దు. నాకు మళ్లీ రాయాలనిపించినప్పుడు రాస్తాను. ఎప్పుడో తెలియదు.

కామా


జనవరి 20

అమ్మలూ,

పిన్ని రాస్తున్నాను. నా చేతి రాత కోడి గీతలని మీరు నవ్వేవారు, ఓపిక పట్టి చదువుకో.

నువ్వు మూడు నెలల పైనుంచి రాయలేదు. పని ఎక్కువేమోనని, సెలవు దొరక్కేమోనని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నీ ఆఖరి ఉత్తరంలో ఏముందో మొన్నటిదాకా నాకు తెలియదు. ఆయన దిండు గలీబు ఉతకడానికి తీస్తే దొరికింది. చదివాక నీతో చెప్పకుండా ఉండలేకపోయాను.

మీ బాబాయి నీ మీద ఆట ఆడలేదమ్మా. ఆయనకి మతిమరుపు జబ్బు. యజమాని మే నెలలోనే కనిపెట్టాడట, ఆగస్టులో ఇక రావద్దన్నాడు. నేను గమనించేసరికి అప్పటికే ముదిరింది. నీకు రాస్తానంటే నా చెయ్యి ఆయన తల మీద పెట్టించుకుని ఒట్టేయించారు. 'చెప్తే ఉద్యోగం వదిలేసి వస్తుంది. అది సగంలో ఆగే పిల్ల, ఈసారి ఆపనివ్వకు' అన్నారు. నేను బుద్ధిలేక ఒట్టేశాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు చదువుకుని, 'నేనేం రాశానే?' అని నన్నడిగారు. నాకేం తెలుసు, ఆయన కవరు అంటించి పంపేవారు. ఆ రోజు నుంచి పొద్దున పదకొండింటికి గేటు దగ్గర పోస్టుమాన్ కోసం నిలబడడమే పని. రోజూ నీకు రాయడానికి కూర్చునేవారు. ఒక వాక్యం రాసి, చూసుకుని, పక్కన పెట్టేవారు. అవన్నీ దాచాను. ఇందులో పెడుతున్నాను. కొన్ని నాకే అర్థం కాలేదు. ఒకటి మాత్రం తిన్నగా ఉంది. 'కామా, ఈ దొంగని నేను పెట్టలేదు. వాడే వచ్చాడు. ఇంట్లోనే తిరుగుతున్నాడు. రోజుకొకటి ఎత్తుకుపోతున్నాడు. నిన్ను ఎత్తుకుపోయేలోగా ఒకసారి రా' అని ఉంది.

నవంబరులో ఆ కాయితం జేబులో పెట్టుకుని పోస్టు చేస్తానని వెళ్లి రాలేదు. రాత్రంతా వెతికించాను. మర్నాడు చుక్క పోయిన ఆస్పత్రిలో దొరికారు. వరండాలో బెంచీ మీద కూర్చుని, వచ్చిన ప్రతి నర్సునీ మా పిల్ల ఏ మంచం మీద ఉందని అడుగుతున్నారట. కాళ్లకి చెప్పుల్లేవు.

ఆయన పుస్తకం చూశాను. నాకు ఇంగ్లీషు రాదు గానీ, చివరి పేజీలన్నీ తెలుగే. ఎడమ వైపు 'కామా, చుక్క' అని పక్కపక్కన, కుడి వైపు 'ఆగి మళ్లీ ఎత్తుకునేది, తేల్చేసేది' అని. రోజుకొక పేజీ, కింద తేదీ. ముప్ఫైకి పైనే ఉన్నాయి. చివరి పేజీల్లో కుడి వైపు ఖాళీగా ఉంది.

క్రిస్మస్ సెలవులు అయ్యేదాకా 'కామా ఉత్తరం వచ్చిందా' అని అడిగేవారు. ఇప్పుడు అడగడం లేదు. చుక్క ఎప్పుడొస్తుందని మాత్రం అడుగుతున్నారు. వస్తుందిలెండి అంటున్నాను. ఇది నీకు రాయడానికి నాకు చేతులాడలేదు. కానీ దాచింది చాలు.

డాక్టరు ఇచ్చిన కాయితం కూడా పెడుతున్నాను. ఇంగ్లీషులో ఉంది. నువ్వు రోజూ టైపు చేసేవి ఇలాంటివేగా, ఏమని ఉందో చెప్పు.

పిన్ని


జనవరి 27

పిన్నీ,

డాక్టరు కాయితం చదివాను. అందులో కొత్త మాట ఒక్కటీ లేదు. అన్నీ నేను వందసార్లు టైపు చేసినవే. మాట దొరకడం లేదు, నెల చెప్పలేకపోతున్నాడు, తెలిసిన దారి తప్పుతున్నాడు. నయమయ్యేది కాదని చివరి వాక్యంలో ఉంది. నీకు ఇంతకంటే మెత్తగా చెప్పడం నాకు చేతకావడం లేదు.

నిన్న ఆయన ఉత్తరాలన్నీ ముందేసుకుని ఎర్ర పెన్సిలుతో దిద్దుకుంటూ వచ్చాను. జూన్‌లో ఒకటి, అది ఆయన పెట్టిందే. జూలైలో రెండు. ఆగస్టులో అయిదు. సెప్టెంబరుది దిద్దలేకపోయాను. 'నాకే తెలియదు తల్లీ' అని నన్ను వేడుకున్న ఉత్తరానికి నేను పదికి పది వేశాను పిన్నీ. హాస్టల్లో చదివి వినిపించి నవ్వించాను. ఎవరో బడిపంతులి ఇంట్లోవాళ్లని తిట్టి కాయితం నింపాను. ఆయన నన్ను గుర్తుపట్టే మూడు నెలలూ అలిగి కూర్చున్నాను. నువ్వు ఒట్టు తప్పి ఉంటే బాగుండేదని నీ మీద కోపం కూడా వచ్చింది, అబద్ధమెందుకు. కానీ నాకు ఒట్టేం అడ్డమొచ్చింది? నాకు కళ్లున్నాయిగా.

ఉద్యోగం మానేశాను. పెడల్ అప్పగించి సంతకం పెట్టాను. శనివారం పొద్దుటి బండికి వస్తున్నాను. కింద ఉన్నది ఆయనకి. గట్టిగా చదివి వినిపించు. చివరిదాకా చదువు, చివరి మాట దగ్గర ఆగకు. ఆయన ముఖం చూసి నాకు చెప్పు.

బాబాయ్,

నేను బాగున్నాను. పథ్యం తప్పడం లేదు. కళ్లలో పసుపు పూర్తిగా తగ్గిపోయింది. ఎల్లుండి డాక్టరు పంపించేస్తానన్నాడు. శనివారం ఇంట్లో ఉంటాను. నువ్వు ఆస్పత్రికి రావద్దు, గేటు దగ్గర నిలబడు చాలు. చెప్పులు తొడుక్కుని నిలబడు.

లూస్ అంటే వదులు బాబాయ్. లూజ్ అంటే పోగొట్టుకోవడం.

కామాకి చెప్పమన్నావుగా, చెప్పాను. బాగా ఏడ్చింది. అది కూడా వస్తుంది.

ఈ ఉత్తరంలో ఒక దొంగ ఉన్నాడు, ఒక్కడే. నియమం తప్పి మనుషుల్లోనే పెట్టాను. ఇదివరకైతే కవరు మీద రాత చూసే పట్టేసేవాడివి. శనివారం గేటు దగ్గర నన్ను చూడగానే పట్టుకో బాబాయ్. నీ కాళ్లు మొక్కుతాను, పట్టుకో.

నీ చుక్క